లకోటా సంప్రదాయంలో రాయిని అర్థం చేసుకోవడం ఎలా, ఆ రాళ్లున్న చోట మెలగడం ఎలా

అమెరికా ఆదివాసుల్లో ఒక జాతి అయిన లకోటాల భాషలో తాతను 'తుంకాషిలా' అని పిలుస్తారు. ప్రార్థనలో అదే పిలుపు సృష్టికి మూలమైన శక్తికీ చెల్లుతుంది, మంటలో ఎర్రగా కాలి ఆవిరి క్రతువు గుడారంలోకి వచ్చే రాళ్లకూ చెల్లుతుంది. పవిత్రమైన రాయికి ఆ భాషలో ఉన్న పేరు 'తుంకాన్'. ఈ రెండు మాటలూ ఒకేలా మొదలుకావడం యాదృచ్ఛికం కాదని ఆ సంప్రదాయాన్ని వివరించేవారు చెబుతారు. ఈ విషయం గురించి చదవదలచినా, లకోటాల ప్రాంతాలకు వెళ్లదలచినా ఈ చుట్టరికం నుంచే మొదలుపెట్టాలి. రాయిని శక్తి నిండిన పనిముట్టుగానో, ఏదో ఒక భావానికి గుర్తుగానో చూసినంతకాలం మిగతాదంతా తలకిందులుగానే అర్థమవుతుంది. ఇంట్లో ఒక పెద్దాయన ఉంటే ఆయన దేనికి పనికొస్తాడని ఎవరూ అడగరు. ఆయన ముందు ఎలా కూర్చోవాలో, ఎప్పుడు మాట్లాడాలో, ఏది అడగకూడదో నేర్చుకుంటారు. రాయి విషయంలో లకోటా పెద్దలు బయటివారి నుంచి కోరేది కూడా దాదాపు అదే.

అమెరికాలో ఉండే తెలుగు కుటుంబాలు వేసవి సెలవుల్లో కారు వేసుకుని సౌత్ డకోటా వైపు వెళ్లడం ఇప్పుడు మామూలే. మౌంట్ రష్‌మోర్ చూసి, నాలుగు ఫోటోలు దిగి, పిల్లల జేబుల్లో నాలుగు గులకరాళ్లతో తిరిగివస్తారు. వెళ్లేముందు చదువుకోవాలనుకునేవారి కోసం, వెళ్లకపోయినా ఆ విశ్వాసాన్ని సరిగా తెలుసుకోవాలనుకునేవారి కోసం ఈ వ్యాసం.

చదవడం ఎక్కడ మొదలుపెట్టాలి

మొదట పేరు సరిచూసుకోవాలి. 'సూ' అని బయటివారు పిలిచే పెద్ద జనసముదాయంలో పడమటి శాఖ లకోటాలు. వారిలో ఓగ్లాలా, సిచాంగు, హుంక్‌పాపా మొదలైన ఏడు తెగలున్నాయి. నేడు వారిలో ఎక్కువమంది పైన్ రిడ్జ్, రోజ్‌బడ్, చెయెన్ రివర్, స్టాండింగ్ రాక్ వంటి రిజర్వేషన్లకు, అంటే తెగలకు కేటాయించిన ప్రాంతాలకు, చెందినవారు. "నేటివ్ అమెరికన్లు రాళ్ల గురించి ఇలా నమ్ముతారు" అని అందరినీ ఒకే గాటన కట్టి రాసిన పుస్తకం కనిపిస్తే దానిని పక్కన పెట్టడం మేలు. ఒక ఉదాహరణ చెబుతాను. ఆ భాషలో రాయి అనే మాట వ్యాకరణరీత్యానే ప్రాణివాచకమని చాలాచోట్ల లకోటాల పేరుతో రాస్తుంటారు. ఆ లక్షణం నిజానికి ఓజిబ్వే భాషది. అది వేరే జాతి, వేరే భాషాకుటుంబం. లకోటాలో నామవాచకాలకు అలాంటి విభజన లేదు. రాయి సజీవమన్న నమ్మకం లకోటాలకు వ్యాకరణం నుంచి రాలేదు, కథల నుంచీ కలల నుంచీ క్రతువుల నుంచీ వచ్చింది.

ఆ కథల్లో ముఖ్యమైనది ఇన్యాన్ కథ. (ఆ పేరులోని రెండు 'న్'లనూ పూర్తిగా పలకకూడదు, ముక్కుతో పలికే అచ్చులవి, పాత పుస్తకాల్లోని అరసున్నను గుర్తుచేసుకుంటే సరిపోతుంది.) అన్నిటికంటే ముందు ఇన్యాన్, అంటే రాయి, ఉన్నాడు. ఆయన అప్పుడు మెత్తగా, రూపమంటూ లేకుండా, సర్వశక్తులతో ఉండేవాడు. చుట్టూ హాన్ అనే చీకటి. తన శక్తిని వినియోగించడానికి మరొకరు ఉండాలన్న కోరిక ఆయనకు కలిగింది. తనలోంచి కాక మరెక్కడి నుంచీ ఏదీ పుట్టించలేని స్థితి. అందుకని తన నరాలను తానే తెరుచుకున్నాడు. ఆయన నుంచే పెద్ద పళ్లెంలా మకా, అంటే భూమి, ఏర్పడి ఆయన చుట్టూ పరుచుకుంది. పారిన నీలిరంగు రక్తం నీళ్లయింది. ఆ రక్తంలోని శక్తి నీళ్లలో ఇమడలేక విడిపడి పైన ఆకాశమైంది. అంతా ఇచ్చేసిన ఇన్యాన్ కుంచించుకుపోయి, గట్టిపడి, శక్తిలేనివాడై మిగిలాడు.

తెలుగులో కరుణ లేనివాడిని రాతిగుండె మనిషి అంటాము, చలనం లేనివాడిని బండరాయి అంటాము. ఈ కథ చదివేటప్పుడు ఆ అలవాటును కాస్త ఆపుకోవాలి. ఇక్కడ గట్టిదనం ఇవ్వనితనానికి గుర్తు కాదు, ఉన్నదంతా ఇచ్చేసిన తరువాత మిగిలినది. రాయిని 'తాత' అనడంలో వయసు ఎంత ఉందో ఈ త్యాగమూ అంత ఉంది.

అయితే ఈ కథను ఏ మోతాదులో నమ్మాలో కూడా తెలిసి ఉండాలి. దానిని రాసిపెట్టినవాడు జేమ్స్ వాకర్ అనే వైద్యుడు. 1896 నుంచి 1914 వరకు పైన్ రిడ్జ్‌లో పనిచేసి, ఓగ్లాలా పెద్దల దగ్గర విన్నవాటిని సేకరించాడు. విడివిడిగా విన్న ముక్కలను ఆయన తరువాతి కాలంలో ఒక వరుసలో పేర్చి, పురాణంలాగా తిరగరాశాడు. 1930లలో మానవశాస్త్రవేత్త ఫ్రాంజ్ బోయాస్ కోరగా, డకోటా (సూ జనంలోని మరో శాఖ) మహిళ, భాషావేత్త అయిన ఎల్లా డెలోరియా ఈ విషయాలను పెద్దల దగ్గరకు వెళ్లి విచారించింది. వాటిలో చాలా భాగం తాము వినలేదని ఆ పెద్దలు ఆమెకు చెప్పారు. కాబట్టి రాయి ఆద్యమన్న భావన సంప్రదాయానిదని, కథ మొత్తానికి ఉన్న ఆ చక్కని కూర్పు వాకర్ చేతిదని తీసుకుని చదవడం మంచిది. ఇంటర్నెట్‌లో ఈ కథను "లకోటాల వేదం" అన్నట్టు రాసేవారు ఈ సంగతి చెప్పరు.

ఏ రాయి తుంకాన్ అవుతుంది

వాకర్ కంటే గట్టి ఆధారం నా దృష్టిలో ఫ్రాన్సెస్ డెన్స్‌మోర్ సేకరణ. ఆమె 1911 నుంచి స్టాండింగ్ రాక్‌లో పాటలు రికార్డు చేస్తూ, పాటతో పాటు పాడినవారి అనుభవాన్నీ వారి మాటల్లోనే రాయించుకుంది. అది 1918లో అచ్చయింది. రాళ్ల పాటలకు అందులో పెద్ద స్థానమే ఉంది. ఆమెకు చెప్పినవారిలో బ్రేవ్ బఫెలో ఒకడు. పదేళ్ల వయసులో అతడికి ఒక ప్రశ్న పట్టుకుంది: ఈ నేలను, ఆకాశాన్ని, జంతువులను ఎవరు చేశారు? చెట్లను, పొదలను అడిగాడు. పూలు తనవైపే చూస్తున్నట్టు అనిపించింది. నాచు పట్టిన రాళ్ల దగ్గర ఆగాడు; కొన్నింటిలో మనిషి ముఖంలాంటి పోలికలున్నాయి గాని అవీ జవాబివ్వలేదు. ఆ తరువాత కలలో ఒక చిన్న గుండ్రని రాయి కనిపించి, అన్నిటినీ చేసినది వాకన్ తాంకా అని, ఆయనను గౌరవించాలంటే ఆయన చేసినవాటిని గౌరవించాలని చెప్పింది. ఇలా వెతికినందువల్లనే అతడు సాయానికి అర్హుడయ్యాడని కూడా ఆ రాయి అన్నది.

ఇక్కడ గమనించవలసినది క్రమం. పిల్లవాడు రాయిని ఎంచుకోలేదు, రాయే అతడిని ఎంచుకుంది. డెన్స్‌మోర్‌కు పెద్దలు చెప్పిన మిగతా వివరాలు కూడా ఇదే వైపు చూపుతాయి. అలాంటి రాళ్లు తవ్వితే దొరికేవి కావు. ఎత్తయిన గుట్టల తలల మీద, పైనే కనిపిస్తాయి. సూర్యచంద్రుల్లా గుండ్రంగా ఉంటాయి. గుండ్రనివన్నీ ఒకదానికొకటి బంధువులు. ఉరుముతో వాటికి సంబంధం ఉంది. కల వచ్చి, ఆ కలకు తగిన రాయి దొరికినవాడు దానిని మెత్తని గద్ద ఈకల్లో చుట్టి దాచుకుంటాడు, పోయిన వస్తువులను, గుర్రాలను వెతకడానికి, రోగికి నయం చేయడానికి దాని సాయం కోరతాడు. ఓగ్లాలా యోధుడు క్రేజీ హార్స్ యుద్ధాలకు వెళ్లినప్పుడు చిప్స్ అనే తెగ వైద్యుడు ఇచ్చిన చిన్న రాయిని ఒంటి మీద ధరించేవాడన్న సంగతి ఓగ్లాలాలు నేటికీ చెప్పుకుంటారు.

అన్నీ గుట్టల మీద దొరికే రాళ్లే కానక్కరలేదు. యువీపీ అనే క్రతువులో తెగ వైద్యుడిని చేతులు కట్టి, దుప్పటిలో చుట్టి, చీకటి గదిలో పడుకోబెడతారు. అక్కడ మోగే సొరబుర్ర గిలకల్లో 405 చిన్నరాళ్లు ఉంటాయి. వాటిని చీమల పుట్టల మీద ఏరుతారు. నేల లోపలి నుంచి చీమలు ఒక్కొక్కటే పైకి మోసి పెట్టిన మెరిసే రేణువులవి. ఇక్కడ కూడా మనిషి తవ్వలేదు, ఎవరో తెచ్చి పెట్టినదాన్ని అందుకున్నాడు.

ఇక తెలుగు పాఠకుడికి వెంటనే తోచే పోలిక బొడ్రాయి. ఊరి నడుమ పాతి, పసుపు కుంకుమలతో కొలిచే రాయి తెలిసినవారికి లకోటా రాయి వింతగా అనిపించదు. పాతకాలంలో పవిత్రమైన రాళ్లకు ఎర్ర రంగు పూసేవారని తెలిస్తే మరీ దగ్గరగా అనిపిస్తుంది. ఆ పోలిక గుమ్మం వరకు తీసుకువెళుతుంది, అక్కడితో దానిని వదిలేయాలి. బొడ్రాయికి ప్రతిష్ఠ జరుగుతుంది, ముహూర్తం ఉంటుంది, ఊరి ఎల్లలకు దానితో సంబంధం ఉంటుంది. తుంకాన్‌కు ప్రతిష్ఠ లేదు. స్వయంభువు అందామంటే, అది గుడి కట్టించుకుని ఒకచోట వెలసి ఉండేదీ కాదు. ఒక మనిషికి దొరికి, ఆ మనిషితో తిరిగి, అతడి పాటతో పలుకుతుంది. అందుకే తెలుగులో రాసేటప్పుడు విగ్రహం, పూజ, దేవుడు అనే మాటలకు బదులు రాయి, ప్రార్థన, తాత అనే మాటలనే వాడడం క్షేమం. 'వాకన్' అన్న మాటను మాత్రం అలాగే ఉంచాలి. పవిత్రం, మర్మం, అంతుచిక్కనిది, కాస్త భయపెట్టేది అన్న నాలుగు అర్థాలనూ మోసే తెలుగు మాట నాకు దొరకలేదు.

గుడారంలోకి రాళ్లు వచ్చే తీరు

రాయితో ఈ బంధుత్వం అందరికీ కనిపించేది ఇనిపి అనే ఆవిరి క్రతువులో, అంటే చెమట గుడారంలో. విల్లో కొమ్మలను వంచి పాతి, బోర్లించిన గిన్నెలాంటి చట్రం కట్టి, దాని మీద వెలుతురు చొరకుండా దుప్పట్లు కప్పుతారు. పూర్వం బైసన్ తోళ్లు కప్పేవారు. మధ్యలో చిన్న గుంట. బయట మంటలో గంటల తరబడి రాళ్లు కాలుతుంటాయి. నదిలో నానిన రాళ్లలో తడి ఉండిపోయి, కాలినప్పుడు ఆవిరై పగిలే ప్రమాదం ఉంది కనుక ఏ రాళ్లు తేవాలో మంట చూసే మనిషికి తెలిసి ఉండాలి.

బ్లాక్ ఎల్క్ అనే ఓగ్లాలా పెద్ద చెప్పగా 1953లో అచ్చయిన వివరణ ప్రకారం, మొదటి రాయిని గుంట నడుమ వాకన్ తాంకా కోసం పెడతారు. తరువాత పడమర, ఉత్తరం, తూర్పు, దక్షిణం, ఆ పైన భూమి. ఒక్కో దిక్కుకు ఒక్కో రాయి. వాటి తరువాతే మిగతా రాళ్లతో గుంట నింపుతారు. మన ప్రదక్షిణ తూర్పున మొదలవుతుందని అలవాటుపడినవారు ఈ వరుస పడమటి నుంచి మొదలవడాన్ని గమనించాలి. ఉరుము ప్రాణులు ఉండేది ఆ దిక్కున. కాలిన రాయి లోపలికి వస్తున్నప్పుడు కబుర్లు ఉండవు. ఎర్రగా వెలుగుతున్న దాని మీద దేవదారు జాతి ఆకుల పొడి చల్లితే చిటపటమని నిప్పురవ్వలు లేస్తాయి, వాసన కమ్ముకుంటుంది. తలుపు మూస్తారు. అడుగున ఆ ఎరుపు తప్ప ఏమీ కనిపించని చీకటిలో నీళ్లు పోస్తారు. అప్పుడు లేచే ఆవిరి రాయి విడిచే ఊపిరి. ఇనిపి అన్న మాట లోపల ఉన్న 'ని' బ్రతుకును, ఊపిరిని చెప్పే ధాతువే. నాలుగుసార్లు తలుపు తెరిచి మూస్తారు. లోపలికి వెళ్లేటప్పుడూ బయటికి వచ్చేటప్పుడూ 'మితాకుయే ఒయాసిన్' అంటారు: నా చుట్టాలందరూ అని అర్థం. ఆ చుట్టాల్లో గుంటలోని రాళ్లూ ఉన్నాయి.

దీన్ని ఇంటి పెరట్లో ఎలా చేసుకోవాలో ఈ వ్యాసం చెప్పదు, చెప్పకూడదు కూడా. 1883లో అమెరికా ప్రభుత్వం తెచ్చిన నియమాలు సూర్య నృత్యమనే క్రతువును, తెగ వైద్యుల క్రతువులను నేరాలుగా చేశాయి. వాటిని చాటుగా కాపాడుకుంటూ వచ్చినవారికి మత స్వేచ్ఛను కాపాడే చట్టం 1978లో గాని రాలేదు. ఆ తరువాత పదిహేనేళ్లకే, అంటే 1993 జూన్‌లో, తమ క్రతువులను అమ్ముకునేవారి మీద లకోటా, వారి సోదర శాఖలైన డకోటా, నకోటా ప్రతినిధులు బహిరంగంగా యుద్ధం ప్రకటించవలసి వచ్చింది. 2009లో అరిజోనాలోని సెడోనా దగ్గర, ఆ సంప్రదాయానికి చెందని వ్యక్తి పెద్ద మొత్తాలు వసూలు చేసి నడిపిన చెమట గుడారంలో ముగ్గురు చనిపోయారు. నిర్వాహకుడికి 2011లో జైలు శిక్ష పడింది.

నిజమైన పిలుపు వస్తే సంగతి వేరు. లకోటా స్నేహితులు పిలిస్తే వెళ్లండి. రుసుము అడిగితే అది ఇనిపి కాదని తెలుసుకోండి. పెద్దవారికి పొగాకు ఇవ్వడం మర్యాద. ఆడవారు పొడవైన లంగా, మగవారు పొట్టి నిక్కరు, తువాలు తీసుకువెళతారు. నెలసరి రోజుల్లో స్త్రీలు లోపలికి రారు. ఆ నియమం నచ్చినా నచ్చకపోయినా అది వారిల్లు. గుండె జబ్బు, రక్తపోటు ఉన్నవారు ముందే చెప్పాలి. లోపల తట్టుకోలేకపోతే 'మితాకుయే ఒయాసిన్' అని గట్టిగా అంటే తలుపు తెరుస్తారు, అందులో నామోషీ ఏమీ లేదు.

ఆ చోట్లకు వెళ్లినప్పుడు

రష్‌మోర్ ఉన్న బ్లాక్ హిల్స్ కొండలను లకోటాలు హే సాపా అంటారు. అమెరికా ప్రభుత్వంతో 1868లో కుదిరిన ఫోర్ట్ లారమీ ఒప్పందం ఆ కొండలను వారికే వదిలింది. 1874లో అమెరికా సైన్యాధికారి కస్టర్ దండు అక్కడ బంగారం ఉందని తేల్చింది, 1877లో ప్రభుత్వం కొండలను లాక్కుంది. అది అన్యాయమని 1980లో సుప్రీంకోర్టు ఒప్పుకుని, వడ్డీతో కలిపి 10 కోట్ల డాలర్లకు పైగా పరిహారం ఖాయం చేసింది. నేటికి ఆ సొమ్ము పెరిగి 100 కోట్లు దాటినా లకోటాలు ముట్టుకోలేదు. రష్‌మోర్ దగ్గర నిలబడినప్పుడు ఇది గుర్తుండాలి. 1927 నుంచి 1941 వరకు నలుగురు అధ్యక్షుల ముఖాలు చెక్కిన ఆ కొండకు అంతకుముందే లకోటా పేరు ఉంది: తుంకాషిలా షాక్‌పే, ఆరుగురు తాతలు. తాత అన్న మాటకు ముందే అర్థం తెలిసినవారికి అక్కడ వినోదయాత్ర హుషారు కొంచెం తగ్గుతుంది. తగ్గడమే సబబు.

స్టర్జిస్ ఊరి దగ్గర మతో పహా, అంటే ఎలుగుబంటి గుట్ట, ఉంది. శిలాద్రవం పైకి పొంగి, బద్దలు కాకుండానే లోపలే గడ్డకట్టి ఏర్పడిన గుట్ట అది. లకోటాలతో పాటు చెయెన్‌లకూ పవిత్రం. ఎక్కే దారి పక్కన చెట్లకు రంగు రంగుల గుడ్డ పీలికలు, పొగాకు మూటలు కట్టి కనిపిస్తాయి. వాటిని తాకకూడదు, ఫోటో తీయకూడదు. మొక్కు కట్టే చెట్టును చూసిన అలవాటుతో మీ రుమాలు కూడా కట్టబోకండి. ఒంటరిగా కూర్చున్న మనిషి కనిపిస్తే అతడు ఉపవాసంలో ఉండవచ్చు. పలకరించకుండా పక్కనుంచి వెళ్లిపోవాలి.

వయోమింగ్‌లోని నిట్టనిలువు రాతిగుట్ట మతో తిపిలా, బయటివారి పేరులో డెవిల్స్ టవర్, 1906లో దేశంలోనే మొదటి జాతీయ స్మారకమైంది. జూన్‌లో అక్కడ క్రతువులు ఎక్కువగా జరుగుతాయి కనుక ఆ నెలలో ఎక్కవద్దని 1995 నుంచి పార్క్ అధికారులు కోరుతున్నారు. అది ఆజ్ఞ కాదు, విన్నపమే. తాడుతో కొండలెక్కేవారు మీలో ఉంటే జూలై దాకా ఆగండి.

మిన్నెసోటాలోని పైప్‌స్టోన్ వేరే రకం చోటు, నాకు అన్నిటికంటే ఇష్టమైనది. చనున్పా, అంటే పొగాకు తాగే పవిత్రమైన గొట్టం, దాని గిన్నెను చెక్కే ఎర్రరాయి అక్కడే దొరుకుతుంది. అది పూర్వీకుల రక్తమని చెబుతారు. ఆ గొట్టాన్ని తెల్ల బైసన్ దూడ స్త్రీ అనే పవిత్ర మూర్తి తెచ్చిందని, దానితో పాటు అదే ఎర్రరాయితో చేసిన గుండ్రటి రాయిని కూడా ఇచ్చిందని, దాని మీద ఏడు క్రతువులకు ఏడు వలయాలు ఉన్నాయని బ్లాక్ ఎల్క్ చెప్పాడు. గోరుతో గీస్తే గీత పడేటంత మెత్తని ఆ పొర కొన్ని అంగుళాల మందమే. దాని పైన అడుగుల కొద్దీ క్వార్ట్‌జైట్, సుత్తి ఎగిరిపడేటంత గట్టి రాయి. 1937 నుంచి జాతీయ స్మారకంగా ఉన్న ఆ గనుల్లో గుర్తింపు పొందిన తెగల సభ్యులే, అనుమతి పత్రంతో, సుత్తులూ ఉలులూ చీలలతో చేతిపనిగా తవ్వాలి. ఎర్రరాయి అందేసరికి రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. అక్కడి దుకాణంలో గొట్టం కొనాలా అన్న ప్రశ్నకు నా సలహా, వద్దని. చనున్పాను అమ్మడం తగదని చాలామంది లకోటాలు అంటారు. పిల్లల కోసం ఏదైనా కొనాలంటే పూసల పని కొనండి, చేసినవారి పేరూ తెగా అడగండి. తెగవారు చేయనిదాన్ని వారు చేశారని చెప్పి అమ్మడం 1990 చట్టం ప్రకారం నేరం.

నార్త్ డకోటాలో కానన్‌బాల్ నది మిస్సోరీలో కలిసే చోట ఒకప్పుడు పెద్ద సుడిగుండం ఉండేది. ఆ సుడి రాళ్లను తిప్పి తిప్పి గుండ్రంగా చేస్తుందని, అందుకే అది పవిత్రమైన రాళ్లను తయారుచేసే నది అని అక్కడివారు పేరు పెట్టుకున్నారు. ఇసుకరాతిలో ఖనిజాలు బంతిలా గడ్డకట్టడం వల్ల ఆ ఆకారం వస్తుందని భూగర్భ శాస్త్రం చెబుతుంది. ఒవాహీ ఆనకట్ట కట్టిన కాలంలో నది లోతు మార్చడంతో సుడి పోయింది, కొత్త రాళ్లు రావడం ఆగిపోయింది. 2016లో చమురు గొట్టపు మార్గానికి ఎదురుగా లడోనా బ్రేవ్ బుల్ అలార్డ్ తన నేల మీద వేసిన మొదటి శిబిరానికి పవిత్ర శిల శిబిరమని పేరు పెట్టడం వెనుక ఉన్నది ఈ జ్ఞాపకం. అక్కడికి కాస్త దూరంలో, ఫోర్ట్ యేట్స్‌లో, స్టాండింగ్ రాక్ రిజర్వేషన్‌కే పేరునిచ్చిన నిలువురాయి ఉంది. భర్త రెండో పెళ్లి చేసుకున్నాడని అలిగి, విడిది ఎత్తినా కదలకుండా బిడ్డతో సహా కూర్చుండిపోయి రాయైన స్త్రీ అని దాని కథ. కట్టిన దిమ్మె మీద ఉన్న ఆ చిన్న రాయి ముందు ఐదు నిమిషాలు ఊరికే నిలబడవచ్చు, అక్కడ చేయవలసినది అంతకంటే ఏమీ లేదు.

ఇక పిల్లల జేబులు. జాతీయ పార్కుల్లోనూ స్మారకాల్లోనూ రాయి తీసుకువెళ్లడం చట్టవిరుద్ధం, ఆ సంగతి పిల్లలకు ముందే చెప్పవచ్చు. కాని కారు ఎక్కేముందు చిట్టిపిడికిలి విప్పి చూస్తే గుండ్రని రాయి ఉండనే ఉంటుంది. కసరవద్దు. అది ఒకరి తాత అని చెప్పి, ఎక్కడ తీశారో ఆ చోటికే చేయి పట్టుకుని తీసుకువెళ్లండి. తీసినచోట మట్టిలో దాని గుంట ఇంకా ఉంటుంది, రాయి అడుగున అంటిన తడిమట్టి ఏ వైపు కిందికి ఉండేదో చెబుతుంది. ఆ వైపే కిందికి వచ్చేలా వారి చేతనే పెట్టించండి.